బండి లేపడం కూడా నేర్పించండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో మెకానిక్ షెడ్డు నడుపుతాను. చాలా ఏళ్లుగా నా చేతికి ఎక్కువగా వచ్చేవి బుల్లెట్లు, వాటి తర్వాత మార్కెట్లోకి వచ్చిన మిగతా బరువు బళ్లు. రోడ్డు ప్రమాదాల గురించి, హెల్మెట్ గురించి, తాగి నడపడం గురించి పత్రికల్లో వార్తలు, వ్యాసాలు వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. కానీ ఒక విషయం గురించి ఎవరైనా రాయగా నా కంటపడలేదు, అందుకే ఈ ఉత్తరం. ఆగి ఉన్నప్పుడో, మనిషి నడిచేంత వేగంలోనో బరువు బండి ఒరిగి పడిపోతే ఏం చెయ్యాలి, నడుం దెబ్బతినకుండా దాన్ని ఎలా లేపాలి అన్నది మన దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పడం లేదు. డ్రైవింగ్ స్కూల్లో చెప్పరు, లైసెన్సు పరీక్షలో అడగరు, షోరూములో అయితే దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, తాళాలు చేతిలో పెట్టి ఫొటో తీసి పంపించేస్తారు.

ఇదేం పెద్ద విషయం, నలుగురు వచ్చి ఓ చెయ్యి వేస్తే లేచిపోదా అంటారేమో. ఆ నలుగురు చెయ్యి వేసిన తర్వాత నా షెడ్డుకి వచ్చే బళ్లను, ఆ బళ్లతో పాటు వచ్చే మనుషులను చూస్తాను కాబట్టి చెబుతున్నాను. వంగిన క్లచ్ లివర్ మార్చడానికి పది నిమిషాలు చాలు. నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగని మనిషికి, సైలెన్సర్ అంటుకుని పిక్క మీద చర్మం ఊడొచ్చిన పిల్లకి నా దగ్గర స్పేర్ పార్టు ఉండదు కదా.

ముందు బరువు సంగతి. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు ఉంటుంది. మనలో చాలామంది బండి నేర్చుకున్నది, లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ట్రాకు తిరిగింది అలాంటి బండి మీదే. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. సూపర్ మీటియర్ 650 అయితే 241. అంటే లైసెన్సు తెచ్చుకున్న బండికి రెండింతలకు పైగా బరువున్న బండిని, అదే లైసెన్సు మీద, ఒక్కరోజు కూడా శిక్షణ లేకుండా ఎవరైనా కొనుక్కుని నడుపుకోవచ్చు. మన లైసెన్సులో గేరున్న మోటార్ సైకిల్ అంటే అన్నీ ఒకటే. యూరప్‌లో అలా కాదు, చిన్న ఇంజను బండికి ఒక మెట్టు, ఇంజను శక్తి 35 కిలోవాట్ల వరకు ఉంటే ఇంకో మెట్టు, ఆ పైన వేరే పరీక్ష. జపాన్‌లో 400 సీసీ దాటితే లైసెన్సే వేరు, అక్కడి డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి పాఠాల్లోనే పడి ఉన్న బండిని లేపించి చూస్తారు. మనకు వాళ్లలా రకరకాల లైసెన్సులు పెట్టమని నేను అడగడం లేదు, ఆ ఒక్క పాఠం తెచ్చుకుంటే చాలంటున్నాను.

బరువు బళ్లు పడేది అందరూ అనుకున్నట్టు స్పీడులో కాదు. నా దగ్గరికి లివరు వంగి, అద్దం విరిగి, లెగ్‌గార్డు గీసుకుపోయి వచ్చే బళ్లలో ఎక్కువ భాగం ఆగి ఉండగానో, ఆగబోతూనో పడినవే. పెట్రోలు బంకులో క్యూ కదిలినప్పుడు బండి మీద కూర్చునే కాళ్లతో నెట్టుకుంటూ పోతుంటే నేల మీద కారిన ఆయిలు మీద కాలు జారుతుంది. యూటర్న్‌లో హ్యాండిలు పూర్తిగా తిప్పి ఉండగా ఎవడో అడ్డం వచ్చాడని ముందు బ్రేకు నొక్కితే, తిప్పిన వైపుకే బండి కూలబడిపోతుంది. రోడ్డు అంచున ఆపి కాలు పెడదామంటే అక్కడ నేల జానెడు కిందికి ఉంటుంది, కాలు అందేలోపే బరువు దాటిపోతుంది. కోతల రోజుల్లో కోనసీమ రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం అంచున ఆపాలన్నా, ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన బురద మీద ఆపాలన్నా ఇదే భయం. ఇక రోహిణి కార్తెలో తారు మెత్తబడి సైడ్ స్టాండు మెల్లగా దిగబడిపోయి, యజమాని టీ తాగి వచ్చేసరికి బండి నేల మీద ఉంటుంది, దాన్ని పడేసినవాళ్లు ఎవరూ ఉండరు. స్టాండు కింద ఒక పలకరాయో, నలగ్గొట్టిన డబ్బా మూతో పెడితే అది ఆగుతుంది. ఇదీ ఎవరూ చెప్పరు.

పడేటప్పుడు ఏం చెయ్యాలో ముందు చెబుతాను, ఎందుకంటే పెద్ద దెబ్బలు అక్కడే తగులుతాయి. బండి కొంచెం ఒరిగితే కాలితో ఆపొచ్చు. ఒక కోణం దాటిందంటే ఎంత కండబలం ఉన్నా ఆగదు, దాన్ని ఆపాలని చూసినవాళ్ల మోకాలు మెలిపడుతుంది, మణికట్టు బెణుకుతుంది, కాలు బండి కింద ఇరుక్కుంటుంది. కొత్త బండి, గీత పడకూడదు అన్న మమకారం నాకు తెలుసు, ఈఎంఐ కట్టేవాడి బాధ ఇంకా తెలుసు. అయినా సరే వదిలెయ్యాలి. చేతులు వదిలి, కాలు పైకి లాక్కుని, పడే వైపు నుంచి దూరంగా జరగాలి. లెగ్‌గార్డు ఉన్నది అందుకే. అది నేలను తాకి బండిని పూర్తిగా పడుకోకుండా కొంచెం ఎత్తులో ఆపుతుంది, ఆ ఎత్తే తర్వాత లేపడానికి సగం పని చేసిపెడుతుంది. అందంగా లేదని లెగ్‌గార్డు తీయించేసే కుర్రాళ్లకి నేను ఈ ఒక్క మాట చెప్పి పంపిస్తాను.

బండి పడింది. ఇప్పుడు మామూలుగా ఏం జరుగుతుందంటే, నడిపేవాడు సిగ్గుతో, చుట్టూ చూసేవాళ్లున్నారన్న టెన్షన్‌తో గబగబా లేచి, బండికి ఎదురుగా నిలబడి, నడుం వంచి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని ఒక్క ఊపున గుంజుతాడు. నడుం పట్టేసేది సరిగ్గా ఇక్కడే. ఈలోపు చుట్టుపక్కలవాళ్లు పరిగెత్తుకొస్తారు, ఒకాయన హ్యాండిలు పట్టుకుంటాడు, ఒకాయన ఇండికేటరు పట్టుకుంటాడు, ఇంకొకాయన వెనక చక్రం దగ్గర చెయ్యి పెడతాడు. బండి మాత్రం గేర్లో ఉండి ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పాత కార్బొరేటరు బళ్లలో ఇది మరీ ప్రమాదం, పడినా ఇంజను వెంటనే ఆగదు, వెనక చక్రం గాల్లో తిరుగుతూ ఉంటుంది, చైను స్ప్రాకెట్టు మధ్యలోకి వేళ్లు పోవడానికి క్షణం చాలు. 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బరువు బళ్లకూ కార్బొరేటరు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఒరిగితే ఇంజను ఆపేసే సెన్సరు కూడా ఉంటోంది. కానీ మన రోడ్ల మీద పాత బళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అందుకే బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యకముందే తాళం తిప్పి ఆపెయ్యాలి, అందకపోతే హ్యాండిలు మీదున్న ఎర్ర బటన్ నొక్కాలి. పెట్రోలు వాసన వస్తోందా చూడాలి. చుట్టూ చేరినవాళ్లలో ఎవరైనా సిగరెట్టుతో ఉంటే పంపెయ్యాలి.

మనిషి కాలు కింద ఉంటే బండి సంగతి తర్వాత. కాలు పట్టుకుని లాగకూడదు, ఫుట్‌రెస్టు పాదంలోనో పిక్కలోనో దిగి ఉండొచ్చు. బుల్లెట్ లాంటి వాటికి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది కాబట్టి కుడివైపు పడితే కాలుతుందేమో కూడా చూసుకోవాలి. ఇద్దరు కలిసి బండిని కొద్దిగా ఎత్తి పట్టుకుంటే ఆ మనిషే కాలు బయటికి తీసుకోగలడు. తలకో మెడకో దెబ్బ తగిలిందనిపిస్తే కదపకుండా 108కి ఫోను చెయ్యాలి. సాయం చేస్తే మన మెడకి చుట్టుకుంటుందేమో, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలేమో అని జంకే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు చట్టం అండగా ఉంది, పేరు, వివరాలు ఇమ్మని బలవంతం చెయ్యకూడదు.

ఇక లేపడం. ఇందులో బలం కంటే ఒడుపు ముఖ్యం. అవకాశం ఇస్తే ఎవరికైనా నేలమీద బండి పెట్టి చూపిస్తాను, ఇక్కడ మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బండి ఏ వైపు పడిందో ముందు చూడండి. కుడివైపు పడితే అదృష్టం, ఎందుకంటే ఎడమవైపున్న సైడ్ స్టాండు పైకి ఉంటుంది, దాన్ని ముందే తెరిచి పెట్టుకోవచ్చు, ఇప్పటి బళ్లకి గేరు లివరు కూడా పైనే ఉంటుంది కాబట్టి చేత్తో నొక్కి ఫస్టు గేరు వేసుకోవచ్చు. గేరు పడకపోతే వెనక చక్రాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పితే పడుతుంది. గేర్లో ఉంటే లేపుతున్నప్పుడు బండి ముందుకో వెనక్కో దొర్లదు. ఎడమవైపు పడితే స్టాండూ గేరు లివరూ రెండూ కిందే ఇరుక్కుంటాయి. అప్పుడు పైకి ఉన్న ముందు బ్రేకు లివరుని రుమాలుతోనో, రబ్బరు బ్యాండుతోనో గ్రిప్పుకి బిగించి కట్టాలి. స్టాండుని మాత్రం బండి నిలబడ్డాక కాలితో వెతికి వేసుకోవాల్సిందే.

తర్వాత హ్యాండిల్ని పడిన వైపుకే పూర్తిగా తిప్పండి, కింద ఉన్న గ్రిప్పు ట్యాంకు దగ్గరికి వస్తుంది. ఇప్పుడు బండికి వీపు చూపించి, సీటు అంచుకి పిరుదులు ఆనించి, గుంజీ తీసినట్టు కిందికి కూర్చోండి. ముందు చక్రం వైపున్న చేత్తో ఆ కింది గ్రిప్పు పట్టుకోండి, రెండో చేత్తో సీటు వెనకున్న గ్రాబ్ రైలునో, చాసిస్ రాడ్డునో పట్టుకోండి. ప్లాస్టిక్ ప్యానెళ్లు, ఇండికేటర్లు, సైలెన్సర్ పట్టుకోకూడదు. వీపు నిటారుగా, చూపు ఎదురుగా. అక్కడి నుంచి చేతులతో లాగకుండా తొడల బలంతో వెనక్కి నెడుతూ చిన్న చిన్న అడుగులు వెయ్యండి. పాదం పక్కన పాదం, పెద్ద అంగలు వద్దు. మొదటి జానెడు కష్టంగా ఉంటుంది, అక్కడ దాటితే తర్వాత బరువు దానంతటదే తగ్గుతూ వస్తుంది. నిలువుకి వచ్చేముందు నెమ్మదించాలి, లేకపోతే అదే ఊపులో అవతలి వైపుకి పడుతుంది, అటువైపు ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ల మీదే పడుతుంది. 

ఎడమవైపు పడిన బండి లేపేటప్పుడు ఇంకో మెలిక ఉంది, దీన్ని బండ్లు బాగా నడిపేవాళ్లు కూడా గమనించరు. అప్పుడు మన చేతిలో ఉండేది క్లచ్ వైపు గ్రిప్పు. గట్టిగా పట్టుకునే హడావుడిలో వేళ్లు క్లచ్ లివరు మీద పడి నొక్కుకుపోతాయి. క్లచ్ నొక్కితే గేరు వేసి ఉన్నా లేనట్టే, బండి కాళ్ల కింద నుంచి జారిపోతుంది. కాబట్టి వేళ్లన్నీ గ్రిప్పు చుట్టూ ఉండాలి, లివరు లోపలికి రాకూడదు. కుడివైపు పడినప్పుడు చేతిలో ఉండేది బ్రేకు వైపు గ్రిప్పు, అక్కడ రెండు వేళ్లతో బ్రేకు నొక్కి పట్టుకోవడం మంచిదే.

వాలులో పడితే, ముఖ్యంగా చక్రాలు ఎత్తువైపు, సీటు పల్లంవైపు ఉంటే, ఒక్కరే లేపే ప్రయత్నం చెయ్యొద్దు. ఇద్దరు పట్టుకుని లెగ్‌గార్డు మీద బండిని చుట్టూ తిప్పి, చక్రాలు పల్లంవైపు వచ్చేలా పెట్టుకుని, ఒకరు లేపుతుంటే రెండోవారు అవతలి వైపు నుంచి ఊతంగా ఉండాలి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకో, శ్రీశైలం వైపో వెళ్లేవాళ్లు, మరీ ముఖ్యంగా లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని బయల్దేరాలి. మన దగ్గర నుంచి ఏటా ఎంతోమంది కుర్రాళ్లు బళ్లు రైల్లో వేసుకుని మరీ అటు వెళ్తున్నారు, వెళ్లే ముందు నా దగ్గర ఆయిలు మారుస్తారు, బ్రేకులు చూపిస్తారు, అదనపు క్లచ్ కేబులు, ట్యూబు కొంటారు. ఖార్దుంగ్ లా 5,300 మీటర్లు దాటిన ఎత్తు. అక్కడ సామాన్లతో పడిన హిమాలయన్ బండిని తప్పు పద్ధతిలో ఒక్కసారి లేపితే చాలు, ఆయాసంతో కళ్లు తిరుగుతాయి. సామాన్ల బ్యాగులు విప్పి పక్కన పెట్టాకే లేపాలని వాళ్లకి నేను తప్పకుండా చెబుతాను.

లేచిన బండిని వెంటనే స్టార్ట్ చెయ్యాలని ఆరాటపడొద్దు. ఐదు నిమిషాలు స్టాండు వేసి వదిలేస్తే పక్కకి పోయిన ఆయిలు, పెట్రోలు వాటి చోటికి వస్తాయి. ఒరిగితే ఆపేసే సెన్సరున్న బండైతే తాళం ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తేనే స్టార్ట్ అవుతుంది, ఇది తెలియక బండి పాడైందని ఆటోలో వేసుకుని తెచ్చినవాళ్లున్నారు. హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా, యాక్సిలరేటరు వదిలితే వెనక్కి వస్తోందా, బ్రేకు పెడల్ వంగి ఇంజనుకో సైలెన్సర్‌కో తగులుతోందా, కింద ఆయిలు కారుతోందా చూసుకుని అప్పుడు కదలండి. యాక్సిలరేటరు ఇరుక్కున్న బండిని స్టార్ట్ చేస్తే మొదటి పడటం కంటే రెండోది పెద్దదవుతుంది.

ఆడవాళ్లు బుల్లెట్ నడుపుతుంటే "పడితే లేపగలవా?" అని అడిగేవాళ్లు నాకు చాలామంది కనిపిస్తారు. ఆ మాట నా షెడ్డులో కూర్చుని అంటే నేను ఊరుకోను. 2018 జనవరి 26న ఢిల్లీ రాజ్‌పథ్‌లో బీఎస్ఎఫ్ సీమా భవానీ దళం ఆడపిల్లలు 350 సీసీ బుల్లెట్ల మీద చేసిన విన్యాసాలు దేశమంతా చూసింది. వాళ్లు పుట్టుకతో పహిల్వాన్లు కాదు, ఎవరో ఓపిగ్గా నేర్పించారు. మా ఊరి టీచరుగారొకరు, సన్నగా ఉండే మనిషి, పైన చెప్పిన పద్ధతిలో తన బండిని నా ముందే లేపి నిలబెట్టి స్టాండు వేశారు, ఆవిడ ముఖం మీద చెమట కూడా లేదు. అదే రోజు పక్కనే జిమ్ముకి పోయే కుర్రాడు ఎదురుగా నిలబడి గుంజి, మధ్యలో వదిలేశాడు. నిజానికి "లేపగలవా" అన్న ప్రశ్న మగవాళ్లని కూడా అడగాలి, చాలామంది లేపలేరు, ఎవరూ అడగరు కాబట్టి తెలియదంతే.

ఇప్పుడు నా విన్నపం. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ లైసెన్సు పరీక్ష రోజున ఎనిమిది ట్రాకు పక్కన ఒక పాత బండిని రబ్బరు మ్యాట్ మీద పడుకోబెట్టి, వచ్చినవాళ్లతో ఒకసారి లేపించాలి. ఫెయిల్ చెయ్యమనడం లేదు, ఒకసారి చేయించండి చాలు, ఒళ్లు ఆ పద్ధతిని గుర్తుపెట్టుకుంటుంది. ఎల్ఎల్ఆర్ కోసం ప్రశ్నలు బట్టీ పట్టే పుస్తకాల్లో తాళం ఆపాలన్న ఒక్క ప్రశ్నయినా చేర్చండి. బరువు బళ్లు అమ్మే షోరూములవాళ్లు డెలివరీ రోజున ఎక్స్‌ట్రా ఫిట్టింగులు అంటగట్టే సమయంలో పావుగంట తీసి ఇది చూపించాలి, వాళ్ల దగ్గర డెమో బళ్లు ఉండనే ఉంటాయి. పెట్రోలు బంకుల్లో పనిచేసే పిల్లలకి కూడా నేర్పాలి, బండి పడితే ముందు పరిగెత్తుకొచ్చేది వాళ్లే.

మీ పత్రిక ఆదివారం సంచికలో అరపేజీ ఇచ్చి ఈ పద్ధతిని వరసగా ఫొటోలతో వేస్తే కోసి గోడకి అంటించుకునే మెకానిక్కులు ఊరూరా ఉంటారు. ఫొటోలకి బండి, మ్యాట్, చేసి చూపించే మనిషి కావాలంటే మా షెడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మధ్యాహ్నం పూట రద్దీ తక్కువ కాబట్టి ఆ వేళకి మీ ఫొటోగ్రాఫర్‌ని పంపండి. టీచరుగారిని కూడా అడిగాను, వస్తానన్నారు.

ఇట్లు,
ఒక మెకానిక్,
రాజమహేంద్రవరం